దాణాలో పోసిన మందు: ఒక మైక్రోబయాలజీ టీచరు డైరీ

2025 జూన్ 20, తణుకు

ఫైనలియర్ పిల్లలకు ప్రాజెక్టులు పంచాను. ఈ ఏడాది అందరికీ కలిపి ఒకటే అంశం, బ్యాక్టీరియా తయారుచేసే పెప్టైడ్లు. చిన్న చిన్న ప్రోటీన్ ముక్కలన్నమాట. పక్కన పెరిగే వేరే బ్యాక్టీరియాను చంపి తిండీ చోటూ దక్కించుకోవడానికి ఒక బ్యాక్టీరియా వీటిని బయటికి వదులుతుంది. వీటిలో బ్యాక్టీరియోసిన్లు అనే రకాన్ని తయారుచేసేవి మనింటి పెరుగులోనూ ఉంటాయి.

ఒకమ్మాయి లేచి అడిగింది. “యాంటీబయాటిక్స్ పనిచెయ్యనప్పుడు ఇవి పనిచేస్తాయా మేడం?” 2019 ఒక్క ఏడాదిలోనే మందులకు లొంగని బ్యాక్టీరియా నేరుగా 12 లక్షల 70 వేల ప్రాణాలు తీసిందని 2022లో లాన్సెట్ వైద్య పత్రికలో వచ్చిన లెక్క ఆ పిల్ల నోట్సులో రాసుకుని ఉంది. ఔననో కాదనో ఒక్క ముక్కలో తేల్చేసే ప్రశ్న కాదిది. ఈ ఆరు నెలలూ తోచింది తోచినట్టు ఇక్కడ రాసిపెడతాను. జవాబు చెప్పాల్సిన రోజుకి పనికొస్తుంది.

జూన్ 26

“కొత్త ఆయుధం” అని పత్రికలు రాస్తుంటాయి. కొత్తదేం కాదు. 1925లో బెల్జియంలో ఆంద్రే గ్రాషియా ఒక రకం ఈ.కోలై ఇంకో రకం ఈ.కోలైని చంపడం చూశాడు. 1928లో అమెరికాలో రోజర్స్ పాలలో పెరిగే ఒక బ్యాక్టీరియా మరో పాల బ్యాక్టీరియాను ఎదగనివ్వడం లేదని రాశాడు. అందులో పనిచేసిన పదార్థమే తర్వాత నిసిన్ అయింది. 1939లో రెనె డ్యూబో మట్టిలోని బ్యాసిల్లస్ నుంచి గ్రామిసిడిన్ తీశాడు. అప్పటికి పెనిసిలిన్ ఇంకా ఆసుపత్రి గుమ్మం తొక్కలేదు.

గ్రామిసిడిన్‌ను రక్తంలోకి ఎక్కిస్తే ఎర్రకణాలు పగిలిపోతాయి. అందుకని పైపూతకే పరిమితమైంది. యుద్ధం జరుగుతుండగా 1942లో మాస్కోలో గాజ్, బ్రాజ్నికోవా దంపతులు దాని చుట్టం గ్రామిసిడిన్ ఎస్‌ను మట్టిలోంచే తీశారు. సోవియట్ సైనికుల గాయాలకు అది బాగా పనికొచ్చింది. ఈలోగా పెనిసిలిన్ వచ్చేసింది. సూదిమందుగా ఇవ్వచ్చు, మనిషి కణాల జోలికి పోదు, చవక. ఇక పెప్టైడ్ల వైపు చూసేవాళ్లు తగ్గిపోయారు.

జులై 4

ఇవాళ ల్యాబ్‌లో పిల్లల మొహాలు చూడాలి!

ఇళ్ల నుంచి తెచ్చిన పెరుగుల్లోంచి వేరుచేసిన లాక్టోకాకస్‌ను పోయిన వారం అగర్ ప్లేటు మీద చుక్కలుగా పెట్టాం. అవి పెరిగాక, మైక్రోకాకస్ లూటియస్ కలిపిన పల్చటి అగర్‌ను గోరువెచ్చగా పైన పోసి రాత్రంతా ఇంక్యుబేటర్లో ఉంచాం. మర్నాడు పొద్దున్న తీసి చూస్తే ప్లేటంతా లేత పసుపు పొర. కొన్ని చుక్కల చుట్టూ మాత్రం పసుపన్నదే లేదు. అద్దంలా తేటగా, గుండ్రంగా ఖాళీ. అక్కడ మైక్రోకాకస్ ఒక్కటి కూడా పెరగలేదు.

కుర్రాళ్లు కేకలు పెట్టేశారు. “ఆగండర్రా, పులుపుకి కూడా చచ్చిపోతాయి కదా” అన్నాను. పెరుగు బ్యాక్టీరియా లాక్టిక్ ఆమ్లం వదులుతుంది, ఒక్కోసారి హైడ్రోజన్ పెరాక్సైడ్ కూడా. అందుకని సారాన్ని వడగట్టి, పీహెచ్ సరిచేసి, పెరాక్సైడ్‌ను విరిచే కెటలేజ్ కలిపి మళ్లీ పెట్టించాను. చాలా చుక్కల చుట్టూ ఖాళీ కనబడకుండా పోయింది. వాటి బలమంతా పులుపుదే. ఒకదాని చుట్టూ మాత్రం నిలబడింది. దాని పక్కనే ఒక బొట్టు కైమోట్రిప్సిన్ వేశాం. అది ప్రోటీన్లను కోసే ఎంజైము. ఇవాళ్టికి ఆ పక్క ఖాళీ పూడుకుపోయి పసుపు పొర అల్లుకుంది, రెండో పక్క ఖాళీ అలాగే ఉంది. గుండ్రంగా ఉన్నది కాస్తా నెలవంకయింది. ఎంజైము కోసేసిందంటే చంపుతున్నది ప్రోటీనే.

అది నిసినో వేరేదో జన్యు పరీక్ష చేస్తేగానీ చెప్పలేం. అయినా పిల్లలు ఆ ప్లేటు ఫొటోలు ఇంటిల్లిపాదికీ పంపుకున్నారు. పంపుకోవాల్సిందే.

జులై 8

నిసిన్ ఎలా చంపుతుందో బోర్డు మీద గీస్తూ గంటన్నర గడిచిపోయింది. చెప్పేకొద్దీ నాకే ముచ్చటేసింది.

బ్యాక్టీరియా ముందు 57 అమైనో ఆమ్లాల దండ తయారుచేస్తుంది. అది అప్పటికింకా నిరపాయం. తయారుచేసిన కణం తానే చావకూడదుగా! తర్వాత ఎంజైములు దండలో అక్కడక్కడ గంధకంతో ముడులు వేసి అయిదు ఉంగరాలు చేస్తాయి. కణం బయటికి వచ్చాక ముందున్న 23 అమైనో ఆమ్లాలు తెగిపోతాయి. మిగిలిన 34 అమైనో ఆమ్లాల ముక్కే నిసిన్.

బ్యాక్టీరియా తన గోడ కట్టుకోవడానికి కావలసిన ఇటుకల్ని లోపలి నుంచి బయటికి మోసే తట్ట లాంటి అణువు ఒకటుంది, లిపిడ్ టూ. నిసిన్ దాన్ని పట్టుకుంటుంది. దాంతో గోడ పని ఆగిపోతుంది. అంతటితో ఊరుకోదు. పట్టుకున్న లిపిడ్ టూలతో కలిసి పొరలో చిల్లులు పెడుతుంది. లోపలి లవణాలూ శక్తీ బయటికి కారిపోయి కణం చస్తుంది. ఒకే అణువుతో రెండు దెబ్బలు. వాంకోమైసిన్ కూడా లిపిడ్ టూనే పట్టుకుంటుంది గానీ వేరే కొసన. అందువల్ల వాంకోమైసిన్‌కు లొంగని కొన్ని ఎంటెరోకాకస్‌లు నిసిన్‌కు లొంగుతాయి.

1969లో ప్రపంచ ఆరోగ్య సంస్థ, ఆహార వ్యవసాయ సంస్థల ఉమ్మడి నిపుణుల సంఘం నిసిన్‌ను ఆహారంలో వాడొచ్చంది. చీజ్ ప్యాకెట్ మీద ప్రిజర్వేటివ్ 234 అని ఉంటే ఇదే. తిన్నాక పేగుల్లోని ఎంజైములు కోసేస్తాయి గనక ఒంట్లో నిలవదు. ఆహారానికి ఇది సుగుణం. మందుగా చూస్తే ఇదే పెద్ద చిక్కు. మాత్రగా మింగితే రక్తం దాకా చేరదు. సూదిమందుగా ఇచ్చినా ఎక్కువసేపు నిలవదు. పైగా ఆసుపత్రుల్ని ఎక్కువగా బాధపెట్టే క్లెబ్సియెల్లా, ఎసినెటోబ్యాక్టర్ లాంటి గ్రామ్ నెగెటివ్‌లకు బయట ఇంకో పొర ఉంటుంది. నిసిన్ దాన్ని దాటలేదు.

జులై 19

2019లో సరిగ్గా ఈ తేదీనే కేంద్ర ఆరోగ్యశాఖ కొలిస్టిన్ అనే యాంటీబయాటిక్‌ను కోళ్లకూ పశువులకూ చెరువులకూ దాణాకూ నిషేధిస్తూ గెజిట్ ఇచ్చింది. తయారీ, అమ్మకం, పంపిణీ అన్నీ బంద్.

సాయంత్రం మావయ్య ఫారానికి వెళ్లాను. లేయర్ షెడ్లు, గుడ్ల ట్రేలు, దాణా మిక్సరు. నా చిన్నప్పట్నుంచీ ఎరిగిన వాసన.

“మావయ్యా, అప్పట్లో కొలిస్టిన్ వేసేవారా?”

“వేసేవాళ్లమమ్మాయ్. పొడి సంచుల్లో వచ్చేది. టన్నుకింత అని కంపెనీవాళ్లే చీటీ రాసిచ్చేవారు. విరోచనాలు రావనీ, మేత ఒంటబడుతుందనీ చెప్పేవారు.”

“అది ఐసీయూలో మనుషులకిచ్చే మందని చెప్పారా?”

“మాకెవరు చెప్తారమ్మా? కోడి చచ్చిపోతే నష్టం మాది. చెప్పుంటే ఊళ్లో ఒక్కడన్నా మానేవాడు కదా.”

ఆయన మాట నాకు న్యాయంగానే తోచింది. చీటీ రాసినవాళ్లకు తెలుసు. అమ్మినవాళ్లకు తెలుసు. అనుమతిచ్చినవాళ్లకూ తెలుసు. తప్పంతా రైతు నెత్తిన రుద్దడం నాకు సమ్మతం కాదు.

ఆగస్టు 2

గుంటూరులో ఐసీయూ చూసే మా పెద్దమ్మ కొడుకుతో ఫోన్లో మాట్లాడాను. “మెరోపెనెమ్ లాంటి పెద్ద యాంటీబయాటిక్ కూడా పనిచెయ్యకపోతే ఏంచేస్తావురా?” అంటే “కొలిస్టిన్ ఎక్కిస్తాం అక్కా. రోజూ క్రియాటినిన్ చూసుకుంటూ, కిడ్నీ పోకుండా కాచుకుంటూ ఇస్తాం. అదీ పనిచెయ్యలేదని కల్చర్ రిపోర్టు వస్తే ఆ ఇంటివాళ్లతో ఏం మాట్లాడాలో నోరు రాదు” అన్నాడు.

రాత్రి ఈ మాట రాస్తుంటే ఇంకోటి తట్టింది. కొలిస్టిన్ కూడా బ్యాక్టీరియా తయారుచేసిన పెప్టైడే కదా! ‘ప్రత్యామ్నాయం’ అని మనం ఎదురుచూసే జాతిదే ఆ ఆఖరి మందు కూడా. పాలిమిక్సిన్ల కుటుంబం. పాలిమిక్సిన్‌ను 1947లో మూడు బృందాలు దాదాపు ఒకేసారి ప్రకటించాయి. వాటిలో ఒకటి అమెరికన్ సయనమిడ్ కంపెనీది. ఆ కంపెనీ మందుల విభాగమే లెడర్లే. అప్పుడక్కడ పరిశోధన డైరెక్టరు మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావుగారు. తర్వాత రెండు మూడేళ్లకే జపాన్‌లో కొలిస్టిన్ దొరికింది. 1959 నుంచి రోగులకు ఇచ్చారు. కిడ్నీలు దెబ్బతింటున్నాయని 1970లలో మానేశారు. వేరే మందులు చేతులెత్తేశాక మళ్లీ అటక మీంచి దించారు.

మనుషులకి మానేసిన ఆ కాలంలో దాన్ని పందులకీ కోళ్లకీ టన్నుల్లో పోశారు.

ఆగస్టు 3

నిన్నటిది సగంలో ఆపాను.

2015 నవంబర్లో చైనా శాస్త్రవేత్తలు ఎంసీఆర్-1 అనే జన్యువు సంగతి బయటపెట్టారు. పందుల్లో, మాంసంలో, మనుషుల్లో కూడా కనబడింది. కొలిస్టిన్‌ది ధనావేశం. గ్రామ్ నెగెటివ్ బ్యాక్టీరియా బయటి పొర రుణావేశం. ఆ ఆకర్షణతోనే వెళ్లి అతుక్కుని పొరను చీలుస్తుంది. ఎంసీఆర్-1 ఆ పొరకు ఒక చిన్న రసాయన ముక్క తగిలించి రుణావేశాన్ని తగ్గిస్తుంది. ఇక కొలిస్టిన్‌కు పట్టు దొరకదు. అంతకన్నా భయపెట్టేది, ఈ జన్యువు ప్లాస్మిడ్ మీద ఉంది. అంటే ఒక బ్యాక్టీరియా ఇంకోదానికి, వేరే జాతిదానికైనా సరే, చేతికి అందించేయగలదు.

పెప్టైడ్లకు నిరోధకత రాదని రాసేవాళ్లు ఈ ఒక్క కథ చదివితే చాలు. నిసిన్‌కైనా తోక కోసేసే ఎంజైము కొన్ని బ్యాక్టీరియాలకు ఉంది.

ఆగస్టు 21

బ్యాక్టీరియోసిన్లలో నాకు అన్నిటికన్నా నచ్చేది వాటి గురి. ఐర్లండ్‌లోని కార్క్ పరిశోధకులు 2010లో థురిసిన్ సీడీ గురించి రాశారు. మనిషి మలంలో దొరికిన బ్యాసిల్లస్ థురింజియెన్సిస్ తయారుచేసే పెప్టైడ్ జంట అది. యాంటీబయాటిక్స్ వాడాక పేగుల్లో చెలరేగే క్లాస్ట్రిడియం డిఫిసైల్‌ను చంపుతుంది, మిగతా పేగు బ్యాక్టీరియాను దాదాపు కదిలించదు. అదే జబ్బుకి వాడే వాంకోమైసిన్, మెట్రోనిడజోల్ అలా కావు. మంచీ చెడూ రెండిటినీ ఊడ్చేస్తాయి.

అయితే గురి ఉన్న మందు వాడాలంటే ఎవరికి గురిపెట్టాలో ముందు తెలియాలి. కల్చర్ రిపోర్టు రావడానికి రెండు మూడు రోజులు పడుతుంది. ఆలోగా డాక్టరు ఖాళీగా కూర్చోలేడు, అన్నిటినీ చంపే మందే రాస్తాడు. జిల్లా ఆసుపత్రిలో గంటల్లో బ్యాక్టీరియా పేరు చెప్పే పరీక్ష లేనంతకాలం ఈ పెప్టైడ్లు పరిశోధన పత్రాల్లోనే ఉంటాయి. మా పిల్లల్లో ఎవరైనా అటువైపు వెళితే బాగుండును.

సెప్టెంబర్ 6

ముక్కు గురించి చెబితే క్లాసంతా నవ్వారు. 2016లో జర్మనీలోని ట్యూబింగెన్‌ వాళ్లు మనిషి ముక్కులో ఉండే స్టెఫిలోకాకస్ లుగ్డునెన్సిస్ తయారుచేసే లుగ్డునిన్‌ను కనిపెట్టారు. జబ్బులు తెచ్చే స్టెఫ్ ఆరియస్‌ను చంపే పెప్టైడ్ అది. 187 మంది ఆసుపత్రి రోగుల ముక్కులు చూస్తే, ఈ బ్యాక్టీరియా లేనివాళ్లలో 34.7 శాతం మందికి స్టెఫ్ ఆరియస్ ఉంది. ఉన్నవాళ్లలో 5.9 శాతం మందికే ఉంది. నవ్వు ఆగిపోయింది.

సెప్టెంబర్ 13

జలుబుకి అజిత్రోమైసిన్! పక్కింటావిడ చేతిలో మూడు మాత్రల స్ట్రిప్పు. ప్రిస్క్రిప్షన్ లేదు. “షాపబ్బాయే ఇచ్చాడండి, మూడ్రోజులేసుకోమన్నాడు.” స్ట్రిప్పు మీద నిలువుగా ఎర్రగీత. ఆ గీత డాక్టరు చీటీ లేకుండా వాడొద్దని చెప్పడానికని, 2016లో కేంద్రం దాని మీద ప్రచారం కూడా చేసిందని చెప్పాను. ఆవిడకి ఇన్నాళ్లూ అది డిజైను అనే తెలుసు.

సెప్టెంబర్ 27

మట్టి మళ్లీ ఇస్తోంది. మట్టి బ్యాక్టీరియాలో 99 శాతం ల్యాబ్‌లో పెరగవు. అమెరికాలోని నార్త్‌ఈస్టర్న్ యూనివర్సిటీ వాళ్లు వాటిని చిన్న చిన్న గదుల్లో పెట్టి, ఆ పరికరాన్ని మళ్లీ మట్టిలోనే పాతి పెంచారు. అలా మెయిన్ రాష్ట్రపు మట్టిలోంచి 2015లో టీక్సోబ్యాక్టిన్ అనే పెప్టైడ్ వచ్చింది. అదీ లిపిడ్ టూ మీదకే వెళుతుంది.

ఈ ఏడాది మార్చిలో కెనడా నుంచి లారియోసిడిన్ అనే ఇంకో పెప్టైడ్ వచ్చింది. హామిల్టన్‌లో ఒకరి పెరటి మట్టిలోని బ్యాక్టీరియాను మెక్‌మాస్టర్ యూనివర్సిటీ వాళ్లు ఏడాది పాటు ఓపిగ్గా పెంచితే ఒక పేనిబ్యాసిల్లస్ దీన్ని తయారుచేస్తూ కనిపించింది. ఒక కొస ఉంగరంగా చుట్టుకుని, రెండో కొస ఆ ఉంగరంలోంచి దూరి ఉంటుంది. ఇది ప్రోటీన్లు తయారుచేసే రైబోజోమ్‌ను కొత్త చోట పట్టుకుంటుంది. ఎసినెటోబ్యాక్టర్ సోకిన ఎలుకల్ని బతికించింది. గ్రామ్ నెగెటివ్‌ను చంపేది దొరకడం చిన్న సంగతి కాదు. ఎలుక నుంచి మనిషి దాకా రావడానికి ఏళ్లూ వందల కోట్లూ కావాలన్నది కూడా అంతే నిజం. కొత్త యాంటీబయాటిక్‌కు 2018లో అనుమతి తెచ్చుకున్న అకావోజెన్ కంపెనీ 2019లోనే దివాలా తీసింది. దాచుకుని దాచుకుని వాడాల్సిన మందు మీద లాభం రాదు. ఇది మార్కెట్‌కి వదిలేయాల్సిన పని కాదని నా గట్టి నమ్మకం.

అక్టోబర్ 5

భీమవరం పక్క రొయ్యల చెరువులు చూశాం. తవుడు, బెల్లం, ఈస్టు పులియబెట్టి చల్లుతున్నారు. బ్యాసిల్లస్ ఉన్న ప్రోబయోటిక్ డబ్బాలు కూడా. యాంటీబయాటిక్ అవశేషాలున్నాయని యూరప్ సరుకు వెనక్కి పంపడం చూసిన రైతులు వీళ్లు. 2016 నుంచి మన చెరువు రొయ్యల్లో సగం కన్‌సైన్‌మెంట్లను అక్కడ పరీక్షించి గానీ లోపలికి రానివ్వలేదు. ఆ భయం మంచే చేసింది.

“ఈ డబ్బాలోది విబ్రియోని చంపుద్దా మేడం?” అని ఒక రైతు సూటిగా అడిగాడు. విబ్రియో అంటే రొయ్యలకు జబ్బు తెచ్చే బ్యాక్టీరియా. బ్యాసిల్లస్‌లు పెప్టైడ్లు తయారుచేస్తాయి, నిజమే. మీ చెరువు ఉప్పులో, మీ డబ్బాలోది, చాలినంత తయారుచేస్తుందా అన్నది పరీక్షించి చూపించాల్సింది అమ్మేవాడే అని చెప్పాను. కాగితం అడగమన్నాను.

అక్టోబర్ 19

హైదరాబాద్ సంగతి పిల్లలకు రెండు వైపులా చెప్పాలి. అక్కడి పరిశోధనా సంస్థ సీసీఎంబీలో ఇలాంటి పెప్టైడ్ల మీద ఎంతో పని జరిగింది. ఎద్దు వీర్యంలో సూక్ష్మజీవుల్ని చంపే సెమినల్‌ప్లాస్మిన్ ఉందని 1979లో ఆ సంస్థకు చెందిన భార్గవ బృందం నేచర్ పత్రికలో రాసింది. ఆర్. నాగరాజ్‌గారు పెప్టైడ్లు పొరల్ని ఎలా చీలుస్తాయో దశాబ్దాల పాటు పరిశోధించారు.

రెండో వైపు పటాన్‌చెరు. సుమారు 90 మందుల కంపెనీల మురుగును శుద్ధి చేసే ప్లాంటు నుంచి బయటికి వదిలిన నీటిలో లీటరుకు 31 మిల్లీగ్రాముల దాకా సిప్రోఫ్లాక్సాసిన్ అనే యాంటీబయాటిక్ ఉందని 2007లో స్వీడన్ పరిశోధకులు ప్రచురించారు. మందు వేసుకున్న రోగి రక్తంలో కూడా అంత ఉండదు. మందు తయారుచేసే చోటే అది పనికిరాకుండా పోయే ఏర్పాటూ జరిగింది.

నవంబర్ 18

ప్రపంచ యాంటీమైక్రోబియల్ నిరోధకత అవగాహన వారం మొదలైంది. జూన్‌లో ప్రశ్న అడిగిన ఆ అమ్మాయికి ఇవాళ జవాబు చెప్పాను.

పనిచేస్తాయి. కొన్ని గాయాల మీద, కొన్ని పేగుల్లో, కొన్ని పాడి పశువుల పొదుగువాపుకి, కొన్ని ఎప్పటికైనా రక్తంలో. అన్నిటికీ ఒకే మందుగా మాత్రం కావు. ఏది వచ్చినా దాన్ని మనం ఎలా కాపాడతామన్నదే అసలు లెక్క.

కాపాడితే ఫలితం ఉంటుందని చైనా లెక్కలే చెబుతున్నాయి. 2017లో వాళ్లు దాణాలో కొలిస్టిన్ ఆపేశారు. పందుల్లో కొలిస్టిన్‌కు లొంగని ఈ.కోలై 2015-16లో 34 శాతం ఉండేది, 2017-18కి 5.1 శాతానికి దిగింది. కోళ్లలో 18.1 నుంచి 5 శాతానికి దిగింది.

ఇంకో పాత పాఠం యూరప్‌ది. వాంకోమైసిన్‌కి తోబుట్టువైన అవోపార్సిన్‌ను వాళ్లు దాణాలో పోశారు. దాంతో పశువుల్లో వాంకోమైసిన్‌కు లొంగని ఎంటెరోకాకస్ పెరిగింది. డెన్మార్క్ 1995లో, యూరోపియన్ యూనియన్ 1997లో ఆపేశాయి. దాణాలో పోసింది వాంకోమైసిన్ కాదు, తోబుట్టువే. అయినా దెబ్బ వాంకోమైసిన్‌కే తగిలింది.

కొలిస్టిన్ మనిషికి మందైన 1959 నుంచి మన గెజిట్ వచ్చిన 2019 దాకా అరవై ఏళ్లు పట్టింది. అందుకే ఆరోగ్యశాఖనూ పశుసంవర్ధక శాఖనూ అడిగేది ఒకటే. రేపు ఏ పెప్టైడ్ మనిషి మందుగా అనుమతి పొందినా, దాన్నీ దాని తోబుట్టువులనూ దాణాలోకి రానివ్వబోమన్న నిషేధం కూడా ఆ అనుమతి కాగితంతో పాటే, అదే రోజు రావాలి. మావయ్యలాంటి రైతుకి ఆ మాట తెలుగులో చీటీ రాసి చెప్పాలి.